వెండి చెంచా, హాలీసిక్కా రూపాయి

చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతపు అంగళ్ళకు పాత వెండి సామాను మార్చుకొనుటకు వచ్చువారు మొదట అడుగునది "తరుగు ఎంత?" అని. అమ్మమ్మనాటి కంచము నూరు తులములు తూగినను అంగడివాడు ఎనుబదిరెండు తులములకే లెక్క కట్టినచో మోసమని తోచుట సహజము. ఒక్కొక్కప్పుడు అది మోసము కాకపోవచ్చును.

మేలిమి వెండి మెత్తనిది. దానితో చేసిన చెంచా సులభముగా వంగిపోవును. కావున అందులో రాగి కలుపుదురు. ఎంత కలుపవలెను? ఇంగ్లండులో 1300లో మొదటి ఎడ్వర్డు రాజు, వెండి వస్తువులు స్టెర్లింగు నాణెముకంటె తక్కువరకముగా ఉండరాదని చట్టము చేసి, వాటిపై చిరుతపులి తల ముద్ర వేయించెను. స్టెర్లింగు అనగా 1000 పాళ్ళలో 925 పాళ్ళు వెండి. నాణెము, చెంచా ఒకే లోహమగుటచే తరువాతి కాలమున జనులు నాణెములనే కరగించి పాత్రలు చేయించసాగిరి! దానిని మాన్పుటకు 1697లో పాత్రల వెండిని 958 పాళ్ళకు పెంచిరి. 1720లో పాత ప్రమాణమును మరల అనుమతించిరి.

మన ఇండ్లలో ఫోర్కులు లేకున్నను కంచము, ఉగ్గుగిన్నె, చెంచా ఉండెడివి. వాటికిని రూపాయలే ముడిసరకు. బరువును "ఇన్ని రూపాయల ఎత్తు" అని చెప్పుకొనుట అందరెరిగినదే. 1940కి పూర్వపు బ్రిటిషు ఇండియా రూపాయి 11.66 గ్రాములు, అందు 1000కి సుమారు 917 పాళ్ళు వెండి. చార్మినారు బొమ్మగల హైదరాబాదు హాలీసిక్కా రూపాయి 11.18 గ్రాములు, అందు 818 పాళ్ళే వెండి. రెండును స్టెర్లింగుకు తక్కువే. హాలీసిక్కాలను శుద్ధి చేయక కరగించి చేసిన నూరు తులముల కంచములో వెండి ఎనుబదిరెండు తులములకు మించదు. అంగడివాని మాటను గుడ్డిగా నమ్మవలెనని కాదు, పరీక్ష చేయించుకొనవలెను. ఎక్స్-కిరణ యంత్రము పైపొరనే చూచునని మాత్రము గుర్తుంచుకొనుడు. ఇక "జర్మన్ సిల్వర్" రాగి, నికెలు, జింకుల మిశ్రమము. అందు వెండి బొత్తిగా లేదు.

నలుపెక్కినంతమాత్రాన వెండి కల్తీది కాదు. గాలిలోని హైడ్రోజన్ సల్ఫైడు, కోడిగ్రుడ్డు, ఉల్లి మొదలగువానిలోని గంధకము వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడు అను నల్లని పొర ఏర్పడును. విభూతితో తోమినచో ఆ పొరతోపాటు కొంత వెండియు అరిగిపోవును. దానికి బదులు, గిన్నెలో అల్యూమినియము రేకు పరచి, వేడినీరు, వంటసోడా పోసి, చెంచాను రేకుకు తగులునట్లు ఉంచవలెను. అల్యూమినియము నుండి ఎలక్ట్రానులు వెండికి చేరి, సల్ఫైడు మరల వెండిగా మారును. కుళ్ళిన గ్రుడ్డు వాసన కొంచెము రావచ్చును. అది వెడలిపోవు గంధకపు వాసనయే. పాఠశాలలో చేసి చూపుటకు అనువైన ప్రయోగమిది. కావలెనని నల్లబరచిన నగిషీలకు మాత్రము ఇది పనికిరాదు, ఆ నలుపు కూడ పోవును. ఉప్పు తగిలిన చెంచాను వెంటనే కడిగి తుడిచిపెట్టవలెను. తడి ఉప్పు వెండిని తినివేయును.

తోమి తోమి అంచున చెక్కిన పేరు చదువరాకుండ పోయిన గిన్నెలు ఎన్ని ఇండ్లలో లేవు!