పీవీ నిర్ణయాలు: దేనికి తొందర, దేనికి జాప్యం?

ప్రధాని సొంత నిర్ణయం దేశ విధానాన్ని ఎంతవరకు మారుస్తుంది? తెలుగువారిలో ప్రధాని అయిన ఒకే ఒక్కరు పి.వి. నరసింహారావు. ఆయన నిర్ణయాలను తేదీల వారీగా పక్కపక్కన పెట్టి చూస్తే దళిత ఉద్యమానికి పనికొచ్చే జవాబు దొరుకుతుందని మేం భావిస్తున్నాం.

భూమి చట్టం

హైదరాబాద్‌లోని వెంగళరావు నగర్‌ది జలగం వెంగళరావు పేరు. ముఖ్యమంత్రిగా ఆయనకు ముందున్నది పీవీ. భూస్వామి అయినా పీవీ 1972లో భూగరిష్ఠ పరిమితి చట్టానికి పట్టుబట్టారు. ముల్కీ నిబంధనలపై సుప్రీంకోర్టు తీర్పు తర్వాత జై ఆంధ్ర ఉద్యమం చెలరేగింది. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది, పీవీ పదవి పోయింది. ఆ చట్టం వెంగళరావు హయాంలో, 1975 జనవరి 1న గానీ అమల్లోకి రాలేదు.

ముప్పై మూడు రోజులు

పీవీ 1991 జూన్ 21న ప్రధాని అయ్యారు. ఎన్నికల రాజకీయాలతో సంబంధం లేని మన్మోహన్ సింగ్‌ను ఆర్థిక మంత్రిని చేశారు. పరిశ్రమల శాఖను తన దగ్గరే ఉంచుకున్నారు. జూలై 24న కొత్త పారిశ్రామిక విధానం వచ్చింది. ప్రభుత్వ రంగానికే కేటాయించిన పరిశ్రమలు 17 నుంచి 8కి తగ్గాయి. రిజర్వేషన్లు ఉన్నది ప్రభుత్వ రంగంలోనే కాబట్టి ఈ నిర్ణయం నేరుగా మనల్ని తాకింది. 1992 జనవరి 29న ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు ఏర్పడ్డాయి. విదేశీ మారకం సంక్షోభం, సోవియట్ పతనం ఒత్తిడి తెచ్చిన మాట నిజమే. అయినా మైనారిటీ ప్రభుత్వంతో అంత వేగం చూపడం నాయకుడి ఇష్టమే.

అయిదేళ్లు

1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1990 జనవరి 30 నుంచే అమల్లో ఉంది. కానీ దర్యాప్తు ఏ హోదా అధికారి చేయాలో, బాధితులకు పరిహారం ఎలా ఇవ్వాలో చెప్పే నియమాలు 1995 మార్చి 31న గానీ రాలేదు. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం విధించింది. 2014లో హైకోర్టు నిందితులను వదిలేసింది. పాకీపనిని నిషేధిస్తూ 1993లో చేసిన చట్టం ఆంధ్రప్రదేశ్‌లో అమల్లోకి వచ్చింది 1997 జనవరి 26న.

పీవీ కాలంలో మేలు జరగలేదని కాదు. 1993 ఏప్రిల్ 24న అమలైన 73వ సవరణ పంచాయతీల్లో జనాభా నిష్పత్తిన ఎస్సీ, ఎస్టీలకు సీట్లు ఇచ్చింది.

మారని మాట

విదేశాంగ విధానంలో ఒక్క మాట మాత్రం ప్రధానులు మారినా మారలేదు. జాతి వివక్షపై అంతర్జాతీయ ఒడంబడిక పరిధిలోకి కులం రాదని 1996లో ఐక్యరాజ్యసమితి కమిటీ ముందు భారత్ వాదించింది. కమిటీ ఒప్పుకోలేదు. వాజపేయి ప్రభుత్వం 2001లో డర్బన్ సదస్సులోనూ కులం చర్చకు రాకుండా అడ్డుపడింది.

రాజకీయాల్లో వ్యక్తిపూజ నియంతృత్వానికి దారితీస్తుందని అంబేడ్కర్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో హెచ్చరించారు. నాయకుడు మంచివాడా కాదా అన్న చర్చకన్నా, ప్రతి ప్రకటన రోజునే మనం అడగాల్సినవి మూడు: నియమాలు ఎప్పుడు? అమలు తేదీ ఏది? జవాబుదారీ అధికారి ఎవరు?