కుందేలు ఎవ్వరిది?
ఆంగ్లదేశమున ఒక వేట, దాని చట్టముల చరిత్రము

వేట మానవుడు నేర్చిన తొలి విద్యలలో నొకటి. మన ప్రబంధములలోను వేటకు గొప్ప స్థానము గలదు. పెద్దన మనుచరిత్రమున స్వరోచి వేటకు వెడలెను. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యమున తిన్నడు వేటాడెను. మొదటివానికి అది రాజవినోదము. రెండవవానికి కులవృత్తి, కూటికి ఆధారము. మృగమును పట్టు నేర్పు ఇద్దరికిని గలదు. కాని ఆ మృగముపై హక్కు ఎవ్వరిదన్న ప్రశ్న పుట్టినంతనే వేట కావ్యమును విడిచి చట్టములోనికి నడచును. ఆంగ్లదేశమున ఒక చిన్న కుందేలును గూర్చి ఈ ప్రశ్న దాదాపు 500 ఏండ్లు నడచినది. మన గ్రంథాలయ సభ్యులలో సేద్యము చేయువారే హెచ్చు గనుక వారికి ఈ చరిత్రము రుచించునని తలచి రజతోత్సవ సంచికకు వ్రాయుచున్నాను.

ముందుగా జంతువును గూర్చి ఒక మాట. మన మెట్టచేలలో తిరుగు కుందేలు, అనగా చెవులపిల్లి, బొరియ త్రవ్వదు. గడ్డిలో ఒదిగి పండుకొని, అలికిడి వినగానే కాలిసత్తువతో ప్రాణము దక్కించుకొనును. ఐరోపాలో ఈ తీరువియు గలవు. కాని మన కథలోని కుందేలు వేరొక జాతి. అది గుంపులుగా నేల త్రవ్వి, ఒక బొరియకు పెక్కు ద్వారము లుంచి కాపురము చేయును. ఇండ్లలో పెంచు తెల్ల కుందేళ్ళు దాని సంతతివే. గర్భకాలము ఇంచుమించు 30 దినములే గనుక ఏడాదిలో పలుమార్లు పిల్లలను పెట్టును.

దీని పుట్టినిల్లు స్పెయిను ప్రాంతము. క్రీస్తు శకారంభ కాలపువాడగు స్ట్రాబో యను గ్రీకు భూగోళకర్త అచ్చటి ప్రజల యిక్కట్లను వర్ణించినాడు. బలియారిక్ ద్వీపములకు ఎవ్వరో తెచ్చిన ఒక్క జంట సంతతి పెరిగి, చెట్ల క్రిందను ఇండ్ల క్రిందను నేల త్రవ్వి వానిని కూల్చెనట. తమకు వేరొకచోట భూమి నిమ్మని ఆ ద్వీపవాసులు రోమకులకు దూతల నంపిరని యాతడు చెప్పెను. అగస్టసు చక్రవర్తిని సైనికసాయము వేడిరని ప్లినీ వ్రాసెను. కత్తికి లొంగని శత్రువు పంటను తినివేయుచుండ రైతు ఎవ్వరితో మొరపెట్టుకొనును?

ఆ శత్రువునకు విరుగుడుగా ఒక చిన్న జంతువు దొరకినది. ఆఫ్రికా నుండి తెచ్చిన ఆ జంతువునకు మూతికట్టు కట్టి బొరియలోనికి విడిచెదరనియు, అది కుందేళ్ళను గోళ్ళతో ఈడ్చుకొని వచ్చుననియు, లేదా పైకి తరుమగా కాచియున్నవారు పట్టుకొందురనియు స్ట్రాబో తెలిపెను. నేడు దాని తీరు జంతువును ఫెరెట్ అందురు. పోల్‌క్యాట్ అను అడవిజంతువును మచ్చికచేయగా ఏర్పడిన జాతి యిది. మన ముంగిస కులము కాకున్నను సన్నని పొడవైన మేను, పొట్టి కాళ్ళు, ఇరుకు కలుగులో దూరు చొరవ చూచినచో ముంగిసయే తలపునకు వచ్చును.

ఈ వేటలో పనిపాట్ల పంపకము చూడదగినది. మొదటి పని కుక్కది. అది వాసన చూచి, ఏ బొరియలో కుందేళ్ళున్నవో, ఏది వట్టిదో నిలిచి తెలుపును. మొరుగరాదు. పిమ్మట వేటకాడు అడుగుల చప్పుడు కానీయక ప్రతి ద్వారముపైనను సంచివంటి చిన్నవల పరచును. ఆ వల అంచున ఒక త్రాడు, త్రాటికొనను నేలలో దిగగొట్టిన గూటము. కుందేలు వలలో పడిన వేగమునకే త్రాడు బిగిసి మూతి ముడుచుకొనును. అప్పుడు ఫెరెట్‌ను లోనికి విడుతురు. భూమిలో దడదడమను చప్పుడు వినబడిన క్షణములోనే కుందేలు వెలుపలికి దూకి వలలో పడును. తప్పించుకొనినదానిని కుక్క తరిమి పట్టును. ఫెరెట్ లోపలనే కుందేలును చంపి, తిని, నిదురించినచో వేటకాడు గడ్డపార పట్టవలసినదే. ఆకులు రాలి, బొరియల ద్వారములు స్పష్టముగ కానవచ్చు చలికాలమే దీనికి తగినది. రాత్రివేళ మేతకు పోయిన కుందేళ్ళకు బొరియలకు నడుమ పొడవైన వల నిలిపి తరుముట మరియొక పద్ధతి. తుపాకి లేదు, గుఱ్ఱము లేదు. పేదవానికి అందుబాటులోని పనిముట్లే యివన్నియు. చిక్కంతయు అచ్చటనే వచ్చినది.

ఈ కుందేళ్ళను ఆంగ్లదేశమునకు తెచ్చి నిలిపినవారు నార్మను ప్రభువులు. 12వ శతాబ్ది నుండి ప్రభువులును మఠాధిపతులును మెత్తని మట్టిదిబ్బలు పోయించి, కావలివాండ్ర నుంచి, మాంసమునకును చర్మమునకును వానిని పెంచిరి. తొలినాళ్ళలో కుందేలు కోడి కంటె ప్రియమైన వస్తువు. 14వ శతాబ్ది తొలిపాదమున లిఖింపబడిన క్వీన్ మేరీ కీర్తనల గ్రంథములోని ఒక చిత్రమున స్త్రీలు ఫెరెట్‌తోను వలతోను కుందేళ్ళను పట్టుచుండుట కానవచ్చును. ఉన్నతకుటుంబములకు అది వినోదమే. కాని కుందేలు దిబ్బకు గోడయైనను కంచెయైనను మేతకు హద్దు లేదు. ప్రక్కచేలోని గోధుమమొలక దానికి ఆహారము. మొలక రైతుది, దానిని తిను కుందేలు ప్రభువుది. పట్టినచో దొంగతనము.

1381వ సంవత్సరమున ఆంగ్ల రైతులు తిరుగబడిరి. సెంట్ ఆల్బన్స్ పట్టణమున మఠాధిపతి పెత్తనముపై కసియెత్తిన ప్రజలు బయలులో ఒక కుందేలును సజీవముగా పట్టి, తమకు వేటహక్కు వచ్చినదనుటకు గుర్తుగా దానిని నడివీధిలోని దండనస్తంభమునకు కట్టిరి. నేరగాండ్రను నిలుపు కొయ్యకు ప్రభువుల కుందేలును కట్టుటలోని అర్థము ఎవ్వరికైనను తెలియును. తిరుగుబాటు అణగిపోయెను. అచ్చటి నాయకుడు విలియం గ్రిండ్‌కాబ్‌ను ఉరితీసిరి.

తొమ్మిదేండ్లు గడువకముందే, రెండవ రిచర్డు కాలమున, 1389-90లో ఒక శాసనము వెలువడెను. భూమిపై ఏటికి 40 షిల్లింగుల ఆదాయము లేని గృహస్థుడును, 10 పౌనుల ఆదాయము లేని మతాధికారియు వేటకుక్కలను పెంచరాదు. ఫెరెట్లు, వలలు, ఉచ్చులు వాడరాదు. తప్పినచో ఒక యేడు చెర. దానికి చూపిన కారణము వినదగినది. పండుగనాడు సజ్జనులు దేవాలయమున నుండగా కూలీలును సేవకులును కుక్కలతో వేటకు పోవుచు, వేట నెపమున గుమిగూడి కుట్రలు పన్నుచున్నారట! పాలకులు భయపడినది కుందేలు పోవుననియే కాదు; కుక్కయు వలయు చేత బట్టిన నలుగురు పేదలు ఒకచోట కూడుదురని.

1671లో వచ్చిన మరియొక చట్టము ఈ కొలమానమును హెచ్చించెను. వేటకు అర్హత కావలెనన్న ఏటికి 100 పౌనుల రాబడి గల సొంతభూమి యుండవలెను. దీర్ఘకాలపు కౌలు భూమియైనచో 150 పౌనులు. అర్హత లేనివారి యిండ్లు సోదాచేసి కుక్కలను, వలలను, ఫెరెట్లను పట్టుకొను అధికారము ప్రభువుల కావలివాండ్రకు కలిగెను. లెక్కలు వ్రాయుట నా వృత్తి గనుక ఇచ్చట ఒక చిన్న లెక్క చూపెదను. ఆ దేశమున పార్లమెంటు సభ్యుని ఎన్నుకొనుటకు 40 షిల్లింగుల రాబడి గల భూమి చాలును. 20 షిల్లింగులు ఒక పౌను. కావున 2 పౌనులు. వేటకు 100 పౌనులు. అనగా శాసనకర్త నెన్నుకొనుటకు వలయు ఆస్తికి 50 రెట్లు ఒక కౌజుపిట్టను కొట్టుటకు వలయును. బ్లాక్‌స్టన్ అను న్యాయశాస్త్రవేత్తయే 18వ శతాబ్దిలో ఈ విడ్డూరమును ఎత్తిచూపెను. 1828 చట్టముచే రాత్రివేళ కుందేళ్ళను పట్టినవానికి మొదటితప్పునకు మూడు నెలల, రెండవదానికి ఆరు నెలల కఠినశిక్ష. మూడవతప్పునకు ఏడేండ్ల ద్వీపాంతరము కూడ విధింపవచ్చును. పిల్లలకు కూర వండుటకై వల పన్నిన కూలివాడు ఓడనెక్కవలసి వచ్చునన్నమాట.

1831లో ఆస్తి అర్హత తొలగెను. అయినను కౌలుపత్రములలో వేటహక్కును భూస్వాములు తమకే అట్టిపెట్టుకొనుచుండిరి గనుక కౌలుదారుని కష్టము తీరలేదు. తుదకు 1880లో వచ్చిన చట్టము భూమిని సాగుచేయువానికి ఆ భూమిపైని కుందేళ్ళను పట్టు హక్కు నిచ్చెను. ఆ హక్కును ఏ ఒడంబడికచేతను వదలుకొనుటకు వీలు లేదనియు నిర్ణయించెను. ఈ తుదిషరతే చట్టమునకు ప్రాణము. బలవంతుడు వ్రాయించిన పత్రముపై బలహీనుడు చేవ్రాలు చేయక తప్పదని శాసనకర్తలు ఎరిగిరి. 1390 నుండి లెక్కించిన 490 ఏండ్లకు పంటవేసినవాడు పంటను కాచుకొనగలిగెను.

పిమ్మట కాలము మరియు విచిత్రముగా తిరిగినది. 1953లో మిక్సొమటోసిస్ అను వ్యాధి ఆంగ్లదేశమున ప్రవేశించి రెండేండ్లలో అచ్చటి కుందేళ్ళలో అత్యధికభాగమును హతమార్చెను. 1954 చట్టము కుందేళ్ళను నిర్మూలింపవలసిన ప్రాంతములను ప్రకటించి, ఆ పని భూమి ననుభవించువారి విధిగా చేసెను. పట్టినందుకు శిక్షించిన దేశమే పట్టకున్న తప్పనెను! 2004లో కుక్కలతో వేట నిషేధించునపుడు సయితము, భూమి యజమాని అనుమతితో సాగు కుందేళ్ళ వేటకు మినహాయింపు నిచ్చిరి. ఫెరెట్, వల, కుక్క నేటికిని అచ్చటి పల్లెలలో కలసి పనిచేయుచున్నవి.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, దాని సవరణలవలన కుందేలు వేట నేరము. అది ప్రభువుల విందుకొరకు చేసినది కాదు; తరిగిపోవు ప్రాణిజాతులను కాచుటకు చేసినది. రెండింటిని ఒకే గాట కట్టరాదు. అయినను వేరుసెనగ చేను అడవిపందుల పాలైన రైతు అడుగు ప్రశ్న పాతదే: మృగమును కాచుట లోకహితమైనచో, ఆ మేపుడు ఖర్చు ఒక్కని చేనిపైననే పడవలెనా? బరువు ఎవ్వరిపై పడినదో చూడక వ్రాసిన చట్టము ఎంత మంచిదైనను లెక్క సరిపోని చిఠ్ఠావంటిది. ఆంగ్ల రైతు చరిత్రమున నేను గ్రహించినది ఇంతియే. చట్టమును చదువగలిగినవాడే దానిని ప్రశ్నింపగలడు. అట్టి చదువరులను ఈ గ్రంథాలయము ఇంకను పెక్కుమందిని తయారుచేయు గాక.