పరిగె చేపలపై ప్రాజెక్టుల ప్రభావ అంచనా

పరిగె చేపలపై ప్రాజెక్టుల ప్రభావ అంచనా అనగా జలాశయాలు, కాలువలు, ఎత్తిపోతల వంటి నిర్మాణాల వలన మంచినీటి చిరుచేపలకు కలుగగల నష్టాన్ని పని మొదలు కాకముందే పరిశీలించడం. ఇది పర్యావరణ ప్రభావ అంచనాలో ఒక భాగం. పరిగెలుగా వ్యవహరించే చేపలలో చాలావరకు సిప్రినిడే కుటుంబానికి చెందినవి. బొచ్చె, శీలావతి కూడా ఈ కుటుంబానివే.

కలికిరి పరిసర నదులు

కలికిరి, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో నదులు ఏడాది పొడవునా పారవు. బాహుదా నది పింఛాతో కలిసి చెయ్యేరుగా మారి పెన్నలో చేరుతుంది. కుప్పం వైపున పాలారు తమిళనాడులోకి ప్రవహిస్తుంది. వేసవిలో ఏరు ఎండినా మడుగులలోను, చెరువులలోను మిగిలిన చేపలే వానలు పడగానే ప్రవాహానికి ఎదురెక్కి సంతతిని పెంచుతాయి. కనుక ఎండాకాలంలో ఒక్కసారి చూసి చేపలు లేవని తేల్చే అంచనా నమ్మదగినది కాదు. ఇసుక త్రవ్వకం వలన ఒక్క మడుగు ఎండినా మరుసటి ఏటి సంతతికి ఆధారం పోవచ్చు.

హంద్రీ-నీవా ఉదాహరణ

హంద్రీ-నీవా సుజల స్రవంతి శ్రీశైలం జలాశయం నుండి 40 టి.ఎం.సి.ల కృష్ణా వరదనీటిని ఎత్తిపోసి, రాయలసీమలో 6,02,500 ఎకరాలకు అందించడానికి ఉద్దేశించినది. పుంగనూరు, కుప్పం శాఖా కాలువలు దీనిలోనివే. ఒక నది నీరు మరొక నది పరీవాహకంలోకి చేరినపుడు రెండు చోట్ల పరిశీలన అవసరం. నీరు తోడే చోట గ్రుడ్లు, పిల్లలు పంపులలోకి పోవచ్చు. నీరు చేరే చోట కొత్త చేపలు, వ్యాధులు ప్రవేశించి స్థానిక జాతులను దెబ్బతీయవచ్చు. కృష్ణా, గోదావరి నదులలో నివసించే థైనిక్తిస్ శాండ్‌ఖోల్ అనే సిప్రినిడ్ చేపను ఐ.యు.సి.ఎన్. అంతరించే ప్రమాదమున్న జాతిగా గుర్తించింది.

అంచనాలో చూడవలసినవి

* వానలకు ముందు, వానలలో, వానల తరువాత ఉండే జాతులు
* వేసవి మడుగుల స్థానం, లోతు
* గ్రుడ్లు పెట్టే చోట్లు, ఎదురీదే దారులు
* నష్టాన్ని తగ్గించే మార్గాలు: పంపులకు జల్లెడలు, మడుగుల రక్షణ, కనీస ప్రవాహం

చట్టాలు

భారతదేశంలో 2006 సెప్టెంబరు 14 నాటి ప్రకటన ప్రకారం నిర్దేశిత ప్రాజెక్టులకు ముందస్తు పర్యావరణ అనుమతి తప్పనిసరి. ప్రజాభిప్రాయ సేకరణను రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నిర్వహిస్తుంది. మడుగుల ఆచూకీ తెలిసిన స్థానిక మత్స్యకారులు ఆ సమాచారాన్ని అక్కడ నమోదు చేయించవచ్చు.

ఇతర దేశాలలో

అమెరికాలో 1973 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ సంస్థలు తమ పనుల వలన ప్రమాదంలో ఉన్న జాతుల మనుగడకు ముప్పు లేకుండా చూడాలి. రియో గ్రాండె వెండి పరిగెను 1994లో ఆ జాబితాలో చేర్చారు. దాని గ్రుడ్లు ప్రవాహంలో కొట్టుకుపోతూ పొదుగుతాయి. అడ్డంగా ఆనకట్టలున్న చోట, దిగువకు పోయిన సంతతి తిరిగి ఎగువకు చేరలేదు.