హోక్వియమ్ ఎడిటరు

సియాటిల్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళు సముద్రం చూడాలనుకుంటే చాలామటుకు ఓషన్ షోర్స్ వెళ్తారు. ఒలింపియా దాటాక దారి పడమటికి తిరుగుతుంది. ఆబర్డీన్ వస్తుంది, దాన్ని ఆనుకునే హోక్వియమ్. రెండూ ఒకప్పుడు కలప మీద బతికిన ఊళ్ళు. ఆబర్డీన్ కర్ట్ కొబేన్ పుట్టిన ఊరని నాతో పనిచేసేవాళ్ళందరికీ తెలుసు. పక్కనున్న హోక్వియమ్ నుంచి ఇరవయ్యేళ్ళు అమెరికా కాంగ్రెసుకి వెళ్ళిన మనిషి పేరు మాత్రం వాళ్ళలో ఒక్కరికీ తెలీదు. మనలాంటివాళ్ళు ఈ దేశంలో అడుగు పెట్టొచ్చా లేదా అన్నది నలభయ్యేళ్ళపాటు తేల్చిన చట్టం అతని పేరు మీదే ఉంది. ఆల్బర్ట్ జాన్సన్.

నేను ఇతని దగ్గరికి యల్లాప్రగడ సుబ్బారావుగారి మీదుగా వచ్చాను. భీమవరంలో పుట్టి, 1920ల మొదట్లో బోస్టన్‌లో దిగి, హార్వర్డ్‌లో చదివి, మెథోట్రెక్సేట్ లాంటి మందుల వెనక నిలిచిన ఆయన, 1948లో న్యూయార్కులో చనిపోయేనాటికి కూడా అమెరికా పౌరుడు కాదు. పాతికేళ్ళు ఇక్కడే పనిచేసిన మనిషి ఎందుకు కాలేదని వెతుకుతూ పోతే రెండు తేదీలు తగిలాయి: 1923, 1924. రెండో తేదీ వెనక జాన్సన్ ఉన్నాడు.

జాన్సన్ 1869లో ఇల్లినాయ్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పుట్టాడు. పెరిగింది కాన్సాస్‌లో. చిన్న వయసులోనే పత్రికల్లో చేరాడు. సెయింట్ లూయిస్‌లో రిపోర్టరు, న్యూ హేవెన్‌లో మేనేజింగ్ ఎడిటరు, 1898లో వాషింగ్టన్ పోస్టులో న్యూస్ ఎడిటరు. అదే ఏడాది పడమటి తీరానికి వచ్చి టకోమా న్యూస్ ఎడిటరయ్యాడు. 1907లో సియాటిల్ టైమ్స్‌లో ఉన్నాడు. 1909కి హోక్వియమ్ చేరి అక్కడి దినపత్రికను చేతిలోకి తీసుకున్నాడు.

ఆ 1907వ సంవత్సరం దగ్గర కొంచెం ఆగాలి. ఆ ఒక్క ఏడే అమెరికాకి దాదాపు 12 లక్షల 85 వేలమంది వలస వచ్చారు. ఎక్కువమంది ఇటలీ నుంచి, ఆస్ట్రియా-హంగరీ నుంచి, రష్యా నుంచి. వాషింగ్టన్ రాష్ట్రంలోని సామిల్లుల్లో మాత్రం మనవాళ్ళు కూడా ఉన్నారు. పంజాబ్ నుంచి వచ్చిన సిక్కులు. వాళ్ళని ఇక్కడి పత్రికలు ‘హిందూలు’ అనే రాసేవి. సెప్టెంబరు 4 రాత్రి బెల్లింగ్‌హామ్ ఊళ్ళో సుమారు ఐదువందలమంది తెల్లవాళ్ళు వాళ్ళ బసల మీద పడి, కొట్టి, పక్కల మీంచి లేపి వీధుల్లోకి తరిమారు. కొద్ది రోజుల్లోనే వాళ్ళంతా ఊరొదిలి పోయారు. ఆ దౌర్జన్యానికి ఒక్కడికి కూడా శిక్ష పడలేదు. సియాటిల్ నుంచి కెనడా వైపు వెళ్ళేటప్పుడు మనం టులిప్ తోటల తర్వాత దాటే ఊరే అది.

కర్రలు పట్టుకున్న గుంపులో జాన్సన్ ఉన్నాడని చెప్పడం నా ఉద్దేశం కాదు. గుంపు చేసే పనిని శాసనసభలో కూర్చుని, చేతికి మట్టంటకుండా, పదింతలు సమర్థంగా చేయొచ్చని చూపించినవాడు అతను. అందుకే అతని గురించి రాయాలనిపించింది.

1912 వసంతంలో హోక్వియమ్, ఆబర్డీన్ మిల్లుల్లో పెద్ద సమ్మె జరిగింది. నడిపింది ఐ.డబ్ల్యూ.డబ్ల్యూ. అనే కార్మిక సంఘం. కార్మికుల్లో ఫిన్లండ్ నుంచి, గ్రీసు నుంచి, బాల్కన్ దేశాల నుంచి వచ్చినవాళ్ళు చాలామంది. సమ్మెను విరగ్గొట్టడానికి ఊరి పెద్దలు ఏకమైనప్పుడు జాన్సన్ ముందు నిలిచాడు. చేతిలో పత్రిక ఎలాగూ ఉంది. కూలి పెంచమని అడిగేవాడు, విదేశీయుడు, దేశద్రోహి, ఈ ముగ్గురూ ఒక్కడేనని పాఠకుల తలకెక్కించడం అక్కడే అలవాటైంది. ఆ ఏడాది చివర్లో రిపబ్లికన్ పార్టీ తరఫున ప్రతినిధుల సభకి గెలిచాడు. 1913 మార్చి నుంచి 1933 మార్చి దాకా, వరసగా పదిసార్లు.

మొదటి ఆరేళ్ళూ అతను చెప్పుకోదగ్గ నాయకుడేం కాదు. ఆ కాలంలోనే, 1917లో, ఒక పెద్ద వలస చట్టం వచ్చింది. ఇండియాతో సహా ఆసియాలో చాలా భాగాన్ని గీత గీసి ‘నిషిద్ధ మండలం’గా ప్రకటించింది. అప్పటికి జాన్సన్ ఇంకా కమిటీ ఛైర్మన్ కాలేదు. 1919లో వలస, పౌరసత్వాల కమిటీకి ఛైర్మన్ అయ్యాడు. 1931 దాకా ఆ కుర్చీ వదల్లేదు.

అమెరికా కాంగ్రెసులో కమిటీ ఛైర్మన్ అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. ఏ బిల్లు చర్చకు రావాలో, ఏది అటకెక్కాలో, సాక్ష్యం చెప్పడానికి ఎవరిని పిలవాలో, ఎవరిని నిపుణుడనాలో అన్నీ అతని చేతిలోనే. జాన్సన్ పిలిచిన నిపుణుడు హ్యారీ లాఫ్లిన్. న్యూయార్క్ రాష్ట్రంలో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ అనే చోట యూజెనిక్స్ కార్యాలయం నడిపేవాడు. మనుషుల్ని పశువుల మాదిరిగా మేలు జాతి, నాసి జాతి అని విడదీసి, నాసివాళ్ళు పిల్లల్ని కనకుండా చెయ్యాలనే ‘శాస్త్రం’ అది. లాఫ్లిన్‌కి జాన్సన్ ‘యూజెనిక్స్ నిపుణుడు’ అని కమిటీలో అధికారిక హోదా ఇచ్చాడు. పిచ్చాసుపత్రుల్లో, జైళ్ళలో ఏ దేశంవాళ్ళు ఎంతమంది ఉన్నారో పట్టికలు కట్టి తెమ్మన్నాడు. ఆ పట్టికలు ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చయ్యి ప్రభుత్వ పత్రాలయ్యాయి. 1923లో యూజెనిక్స్ రీసెర్చ్ అసోసియేషన్ జాన్సన్‌నే తన అధ్యక్షుడిగా ఎన్నుకుంది. అంటే సాక్షిదీ న్యాయమూర్తిదీ ఒకటే సంఘం.

యుద్ధం ముగిశాక వలసల్ని కొంతకాలం పూర్తిగా ఆపేసే బిల్లుని జాన్సన్ ప్రతినిధుల సభలో నెగ్గించాడు. సెనేటు అంత దూరం పోలేదు. బదులుగా కోటా పద్ధతి పెట్టింది. 1910 జనాభా లెక్కల్లో ఏ దేశంలో పుట్టినవాళ్ళు అమెరికాలో ఎంతమంది ఉన్నారో చూసి, అందులో 3 శాతాన్ని ఏటా ఆ దేశం నుంచి రానివ్వాలి. 1921లో అది చట్టమైంది. జాన్సన్‌కి అది చాలలేదు. ఆ లెక్కన ఇటలీకి ఇంకా 42 వేలు దక్కుతున్నాయి.

అతని దారికి అడ్డం ఒకటే. ఇటలీవాళ్ళనీ యూదుల్నీ రానివ్వం అని చట్టంలో రాస్తే గొడవైపోతుంది. ఆ దేశాలతో పేచీ, ఇక్కడున్న ఆ జాతుల ఓటర్లతో పేచీ. పాము చావాలి, కర్ర విరక్కూడదు. దొరికిన ఉపాయం చూడండి. 3 శాతాన్ని 2 చేశారు. 1910 లెక్కల బదులు 1890 లెక్కలు తీసుకున్నారు. అంతే. ఇటలీ, పోలండ్, బాల్కన్ల నుంచి జనం పెద్దఎత్తున రావడం మొదలైంది 1890 తర్వాత. కాబట్టి 1890 లెక్కల్లో వాళ్ళు దాదాపు లేరు. లేనివాళ్ళలో 2 శాతం ఎంతవుతుంది?

ఇటలీ కోటా 3,845కి పడిపోయింది. సెర్బులు, క్రొయేట్లు, స్లొవేన్ల రాజ్యానికి 671. గ్రీసుకి 100. జర్మనీకి మాత్రం 51,227. హోక్వియమ్ సమ్మెలో ఏ జాతులవాళ్ళు ప్లకార్డులు పట్టుకున్నారో, వాళ్ళ దేశాలకి పన్నెండేళ్ళ తర్వాత తలుపులు మూసుకున్నాయి.

కోడ్ రాసేవాళ్ళకి ఈ పద్ధతి బాగా తెలుసు. ప్రోగ్రామంతా అదే, ఒక్క కాన్ఫిగరేషన్ ఫైల్లో రెండంకెలు మారాయి. రివ్యూ చేసేవాడికి తప్పేం కనిపించదు. అన్ని దేశాలకీ ఒకే సూత్రం, ఇందులో వివక్ష ఎక్కడుంది అని అడగొచ్చు, అప్పుడు అలాగే అడిగారు కూడా. జనాభా లెక్కల్లో ఏ సంవత్సరం అనే ప్రశ్న ఎంత రాజకీయమో మనవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. లోక్‌సభ సీట్లకి 1971 లెక్కలా, తర్వాతవా అని దక్షిణాది రాష్ట్రాలు ఇవాళ ఎందుకు గుంజాటన పడుతున్నాయో తెలిసినవాళ్ళకి 1890 మర్మం ఇట్టే అర్థమవుతుంది.

ఆసియావాళ్ళకి ఆ 2 శాతం కూడా లేదు. వాళ్ళకోసం ఇంకో వాక్యం రాశారు: పౌరసత్వానికి అర్హత లేనివాళ్ళు వలస రాకూడదు. ఇందులోనూ ఏ దేశం పేరూ లేదు. ఎవరికి అర్హత లేదో కోర్టు అప్పటికే తేల్చేసింది. 1922లో తకావో ఒజావా అనే జపానీయుడి కేసులో, తెల్లవాడంటే కాకేషియన్ కాబట్టి నీకు పౌరసత్వం రాదంది సుప్రీంకోర్టు. మూడు నెలల తర్వాత, 1923 ఫిబ్రవరిలో, భగత్ సింగ్ థిండ్ కేసులో మాట మార్చింది. థిండ్ మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన సిక్కు. నువ్వు శాస్త్రప్రకారం కాకేషియన్‌వే కావచ్చు, కానీ మామూలు మనిషి దృష్టిలో తెల్లవాడివి కావు అంది. తర్వాత ఎన్నో ఏళ్ళ కిందట పౌరసత్వం తీసుకున్న భారతీయుల దగ్గర కూడా దాన్ని వెనక్కి లాక్కోవడం మొదలుపెట్టారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో కొట్టు నడుపుకునే వైష్ణో దాస్ బగాయ్ అలా ఏ దేశానికీ చెందనివాడై 1928లో ప్రాణం తీసుకున్నాడు.

థిండ్ కేసులో మనం తల దించుకోవాల్సిన సంగతి కూడా ఒకటుంది. నేను అగ్రకులపు ఆర్యుణ్ణి, మీరు నల్లవాళ్ళని ఎలా చూస్తారో మేమూ మా దేశపు మూలవాసుల్ని అలాగే చూస్తాం అన్నది అతని పక్షాన వినిపించిన వాదనల్లో ఒకటి. కోర్టు అది కూడా విని, కాదు పొమ్మంది. గోడ కట్టేవాడితో నేను నీ వైపువాణ్ణే అని బతిమాలుకుంటే జరిగేది అదే.

1924 ఏప్రిల్లో బిల్లు ఓటుకి వచ్చింది. సెనేటులో వ్యతిరేకించినవాళ్ళు ఆరుగురు. మే 26న అధ్యక్షుడు కూలిడ్జ్ సంతకం పెట్టాడు. సెనేటులో దాన్ని నడిపిన డేవిడ్ రీడ్ పేరుతో కలిపి జాన్సన్-రీడ్ చట్టం అన్నారు. మూడేళ్ళు తిరక్కుండా హిట్లర్ తన పుస్తకంలో అమెరికా వలస విధానాన్ని మెచ్చుకున్నాడు. 1936లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం లాఫ్లిన్‌కి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1939లో సెయింట్ లూయిస్ ఓడలో జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన 937 మందిలో దాదాపు అందరికీ క్యూబా తలుపు మూస్తే, ఫ్లోరిడా తీరం దీపాలు కనిపించేంత దగ్గరికి వచ్చారు. వాళ్ళలో చాలామంది అమెరికా వీసా కోసం వరసలో ఉన్నవాళ్ళే. ఆ ఏటి కోటా నిండిపోయింది. ఓడ వెనక్కి తిరిగింది. యూరప్ తిరిగి వెళ్ళినవాళ్ళలో 254 మంది యూదుల మారణకాండలో పోయారు. వాళ్ళని వెనక్కి పంపిన అధికారి ఎవరినీ ద్వేషించి ఉండక్కర్లేదు. అతను ఒక పట్టిక చూశాడు, అంతే.

అప్పటికే జాన్సన్ సభలో లేడు. 1932 ఎన్నికల్లో అదే హోక్వియమ్‌కి చెందిన డెమొక్రాట్ మార్టిన్ స్మిత్ చేతిలో ఓడిపోయాడు. ఆర్థిక మాంద్యంలో రూజ్వెల్ట్ గాలి వీచిన సంవత్సరమది. వలస చట్టం అప్పుడు ఎవరికీ పట్టలేదు. 1934లో పత్రిక పని కూడా మానుకున్నాడు. అతను పోయినా చట్టం పోలేదు. రద్దు చేయాలంటే అందరూ కూడబలుక్కోవాలి, ఉండనివ్వాలంటే ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు.

దాన్ని తవ్వడానికి ఒక మనిషి జీవితమంతా పట్టింది. ఇమాన్యుయెల్ సెల్లర్, న్యూయార్కులో బ్రూక్లిన్ నుంచి వచ్చిన యూదు సభ్యుడు. 1923లో కొత్తగా సభలో చేరి, మరుసటి ఏడాది ఈ బిల్లుకి ఎదురు నిలిచి ఓడిపోయాడు. 1946లో లూస్-సెల్లర్ చట్టంతో భారతీయులకి పౌరసత్వపు హక్కు తెచ్చాడు. ఏటా 100 మందికి కోటా. సుబ్బారావుగారికి దారి తెరుచుకున్నది అప్పుడే, ఆయనకి మిగిలింది రెండేళ్ళు. దలీప్ సింగ్ సౌంద్‌కి ఇంకొంచెం ఎక్కువ దొరికింది. జాన్సన్ చట్టం వచ్చిన 1924లోనే బర్క్లీలో గణితంలో డాక్టరేట్ తీసుకుని, ఉద్యోగం దొరక్క కాలిఫోర్నియా ఎడారి లోయలో సేద్యం చేసిన మనిషి సౌంద్. 1949లో పౌరుడయ్యాడు, 1956లో కాంగ్రెసుకి గెలిచాడు, 1957 జనవరి 3న జాన్సన్ ఒకప్పుడు కూర్చున్న సభలోనే కూర్చున్నాడు. సరిగ్గా రెండు వారాలకి, జనవరి 17న, వాషింగ్టన్ రాష్ట్రంలో మాజీ సైనికుల ఆసుపత్రిలో జాన్సన్ కన్నుమూశాడు. హోక్వియమ్‌లోనే పూడ్చారు.

కోటాలు మాత్రం ఇంకో ఎనిమిదేళ్ళు బతికాయి. 1965 అక్టోబరు 3న, స్వేచ్ఛా విగ్రహం పాదాల దగ్గర లిండన్ జాన్సన్ సంతకంతో అవి పోయాయి. ఆ చట్టంలోనూ సెల్లర్ పేరుంది. మన డాక్టర్లు, ఇంజనీర్లు ఇక్కడికి రావడం అక్కణ్ణుంచే మొదలు.

ఇప్పుడు నా సంగతి. నేను ప్రతి నెలా వీసా బులెటిన్ చూసేవాళ్ళలో ఒకణ్ణి. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికైనా 7 శాతం మించకూడదన్నది 1990 నాటి నియమం. ఐస్‌లండ్‌కీ అంతే, ఇండియాకీ అంతే. ఇది జాన్సన్ ద్వేషంలోంచి పుట్టింది కాదు. అతని కోటాల్ని పడగొట్టినవాళ్ళు దేశాలన్నీ సమానం అనే మంచి ఉద్దేశంతో పెట్టిన హద్దు వారసత్వం అది. అయినా వరసలో నిలబడ్డ మనిషిని అతను పుట్టిన దేశాన్ని బట్టి లెక్కపెట్టే అలవాటు మాత్రం పాతదే. ఈ 7 గురించి మా వాట్సాప్ గ్రూపుల్లో జరిగే గొడవలన్నీ ‘మన తేదీ ఎంత ముందుకి జరిగింది’ అన్న దగ్గరే ఆగిపోతాయి. పక్క దేశంవాడి మీద, మనకన్నా వెనకాల నిలబడ్డవాడి మీద కోపంగా కూడా మారతాయి. ఆ అంకె ఎవరు పెట్టారు, ఏ సంవత్సరంలో, ఏ గదిలో కూర్చుని, ఎవరిని నిపుణుడని పిలిచి, అనేవి అడగాల్సిన ప్రశ్నలు. 1924లో అవి అడిగి కాదన్నవాళ్ళు సెనేటులో ఆరుగురే ఉన్నారు.