కింది దవడకు ఫిబులా ఫ్లాప్: దీర్ఘకాలిక ఫలితాలు

క్యాన్సర్ వల్లో ప్రమాదం వల్లో కింది దవడలో కొంత భాగం పోయినప్పుడు, పిక్కలో బయటివైపు సన్నగా ఉండే ఫిబులా ఎముకతో ఆ లోటు పూడ్చే శస్త్రచికిత్స ఫిబులా ఫ్లాప్. ఎముకను రక్తనాళాలతో సహా తీసి, దవడ వంపుకు తగ్గట్టు కోసి, ప్లేట్లతో బిగిస్తారు. ఆ నాళాలను మైక్రోస్కోప్ కింద మెడలోని నాళాలకు కుడతారు. మెల్‌బోర్న్ సర్జన్ ఇయాన్ టేలర్ 1975లో ఈ ఎముక మార్పిడిని కాలికి సంబంధించి వివరించగా, న్యూయార్క్‌లో డేవిడ్ హిడాల్గో 1989లో దవడకు వాడిన తీరును ప్రచురించారు.

అనుభవమున్న ఆసుపత్రుల్లో నూటికి 95 వరకు ఫ్లాపులు నిలుస్తాయి. రక్తం గడ్డకట్టి చెడిపోయే ముప్పు మొదటి రెండు మూడు రోజుల్లోనే ఎక్కువ. కానీ ఈ అంకె ఒక్కటే చూసి చికిత్స ఫలించిందనడం సరికాదు. అన్నం నమలగలనా, నా మాట ఎదుటివారికి అర్థమవుతుందా అన్నదే రోగి ఏళ్ల తరబడి అడిగే ప్రశ్న.

ఎముక వరకు కబురు మంచిదే. రక్తప్రసారం లేకుండా అతికించిన ఎముక క్రమంగా అరిగిపోతుంది. ఫిబులాకు రక్తం అందుతూనే ఉంటుంది కాబట్టి ఏళ్లు గడిచినా దాని మందం చాలావరకు తగ్గదు. అందులో ఇంప్లాంట్లు బిగించి పళ్లు కట్టవచ్చు. రేడియేషన్ పడిన ఎముకలో మాత్రం ఇంప్లాంట్లు ఊడే అవకాశం పెరుగుతుంది, పాత దవడ ఎముక కుళ్లే ముప్పూ ఉంటుంది. ప్లేట్లు బయటపడి తీసేయాల్సి రావడం కొత్తేమీ కాదు. ఎముకతో పాటు నోట్లోకి తెచ్చిన కాలి చర్మం చర్మంగానే మిగులుతుంది. దాని మీద వెంట్రుకలు మొలవవచ్చు, స్పర్శ పూర్తిగా రాదు. నాలుక కూడా కొంత పోయినవారికి మింగడం, మాట రెండూ ఎక్కువ కష్టం.

కాలి సంగతి సాధారణంగా తక్కువ చర్చకు వస్తుంది. శరీర బరువును ప్రధానంగా మోసేది పక్కనున్న టిబియా కాబట్టి చాలామంది మామూలుగానే నడుస్తారు. చీలమండ నిలకడ కోసం ఫిబులా కింది చివర ఆరేడు సెంటీమీటర్లు వదిలేస్తారు. అయినా బొటనవేలు వంచే బలం తగ్గడం, చీలమండ బిగుసుకోవడం, పిక్క పక్కన తిమ్మిరి కొందరిలో ఉండిపోతాయి.

తెలుగు నేలపైనా గుట్కా, ఖైనీ నోటి క్యాన్సర్‌కు ముఖ్య కారణాలు. వక్క కలిసిన గుట్కా నమిలేవారిలో కొందరికి శస్త్రచికిత్సకు ముందే బుగ్గలు గట్టిపడి నోరు సరిగా తెరుచుకోదు. కొత్త ఎముక దీన్ని సరిచేయలేదు, నెలల తరబడి నోటి వ్యాయామాలు తప్పవు. పొగాకు మానకపోతే మరో చోట క్యాన్సర్ రావచ్చు. అప్పుడు మళ్లీ దవడ కట్టాల్సి వస్తే రెండో కాలి ఫిబులాను వాడే వీలుంటుంది.