ఆహార భద్రత కార్డు

ఆహార భద్రత కార్డు అనేది తక్కువ ఆదాయం గల కుటుంబాలు చౌక ధరల దుకాణం నుండి ప్రభుత్వ ఆహార ధాన్యాలు పొందుటకు పౌర సరఫరాల శాఖ జారీచేసే పత్రం. ఆంధ్ర ప్రదేశ్‌లో దీనిని 2020 నుండి బియ్యం కార్డు అని, తెలంగాణలో 2015 నుండి ఆహార భద్రత కార్డు అని వ్యవహరిస్తున్నారు. జన వ్యవహారంలో రెండూ రేషన్ కార్డులే. పాత తరం వారికి ఇప్పటికీ అది తెల్ల కార్డే. 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం ఈ ధాన్యాన్ని ప్రభుత్వ దయగా కాక పేద కుటుంబపు హక్కుగా గుర్తించినది. అయితే హక్కు చట్టంలో ఉండటం వేరు, బియ్యం సంచి ఇంటికి చేరటం వేరు. దరఖాస్తు, ఆధార్, విచారణ, వేలిముద్ర అనే మెట్లలో ఏ ఒక్కదాని వద్ద ఆగిపోయినా ఆ కుటుంబానికి బియ్యం అందదు. చదువు వచ్చినవారు ఇరుగుపొరుగు పేదలకు చేయగల సాయం చాలావరకు ఈ మెట్ల వద్దనే ఉన్నది.

చరిత్ర

ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం 1982లో కిలో బియ్యాన్ని 1.90 రూపాయలకు ఇవ్వడం మొదలుపెట్టినది. 1983లో ముఖ్యమంత్రి అయిన నందమూరి తారక రామారావు కిలో 2 రూపాయల పథకాన్ని విస్తృతంగా అమలుచేశారు. తరువాతి ప్రభుత్వాల కాలంలో ధర పెరిగి, 2008లో వై.యస్.రాజశేఖరరెడ్డి హయాంలో తిరిగి 2 రూపాయలకు, 2011 నవంబరులో నల్లారి కిరణ్ కుమార్ రెడ్డి హయాంలో 1 రూపాయికి దిగినది.

జాతీయ స్థాయిలో 1997లో ప్రజా పంపిణీ వ్యవస్థ పేదలకు పరిమితమై, దారిద్ర్యరేఖకు దిగువ, ఎగువ అనే విభజన వచ్చినది. 2000లో నిరుపేదల కొరకు అంత్యోదయ అన్న యోజన, పింఛను అందని వృద్ధుల కొరకు నెలకు 10 కిలోల అన్నపూర్ణ పథకం మొదలైనవి. 2001లో పౌర హక్కుల ప్రజా సంఘం సుప్రీం కోర్టులో వేసిన వ్యాజ్యం ఈ చరిత్రలో పెద్ద మలుపు. గోదాములలో ధాన్యం ముక్కిపోతుండగా కరువు ప్రాంతాలలో జనం పస్తులుండటం ఏమిటన్నది ఆ వ్యాజ్యం అడిగిన ప్రశ్న. అదే సంవత్సరం నవంబరు 28న కోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు ఆహార పథకాలను చట్టబద్ధమైన అర్హతలుగా మార్చినది. 2013 చట్టానికి పునాది అక్కడే పడినది.

ఆ చట్టం గ్రామీణ జనాభాలో 75 శాతం వరకు, పట్టణ జనాభాలో 50 శాతం వరకు వర్తిస్తుంది. సాధారణ కార్డుపై మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డుపై కుటుంబానికి 35 కిలోలు ఇవ్వాలి. 2023 జనవరి 1 నుండి ఈ ధాన్యం పూర్తిగా ఉచితం. తెలంగాణ ప్రభుత్వం 2015లో కుటుంబానికి 20 కిలోల పాత పరిమితిని తొలగించి మనిషికి 6 కిలోలు చేసినది. 2025 ఏప్రిల్ నుండి దొడ్డు బియ్యం బదులు సన్న బియ్యం ఇస్తున్నది. దొడ్డు బియ్యాన్ని వండుకోలేక దళారులకు అమ్ముకున్న కుటుంబాలు ఎన్నో ఉన్నందున, ఇది రుచికి మాత్రమే సంబంధించిన మార్పు కాదు.

అర్హత

తెలంగాణలో గ్రామాలలో ఏడాదికి లక్షన్నర, పట్టణాలలో 2 లక్షల రూపాయల లోపు ఆదాయం గల కుటుంబాలు అర్హమైనవి. భూమి ఉంటే తరి అయితే మూడున్నర ఎకరాలు, మెట్ట అయితే ఏడున్నర ఎకరాలు పరిమితి. ఆంధ్ర ప్రదేశ్‌లో నెలకు గ్రామాలలో 10 వేలు, పట్టణాలలో 12 వేల రూపాయలు ఆదాయ పరిమితిగా 2019 చివరలో నిర్ణయించారు. దానితోపాటు నెలకు 300 యూనిట్లకు మించిన విద్యుత్ వాడకం, సొంత కారు, ప్రభుత్వ ఉద్యోగం, ఆదాయపు పన్ను చెల్లింపు అనర్హతలుగా పెట్టారు. పారిశుధ్య కార్మికులకు, టాక్సీ, ఆటో, ట్రాక్టరు గలవారికి మినహాయింపు ఉన్నది.

విద్యుత్ నిబంధన వద్ద ఎందరో చిక్కుకున్నారు. ఇంటి యజమాని మీటరో, ఎవరిదో తెలియని మీటరో తమ ఆధార్ సంఖ్యకు జతపడి ఉన్న సంగతి కార్డు నిరాకరించేవరకు వారికి తెలియదు. అటువంటప్పుడు విద్యుత్ కార్యాలయంలో ఆ జతను తీయించి, తరువాత మళ్ళీ దరఖాస్తు చేయించాలి.

భూమిలేని కూలీలు, ఆదరవు లేని వితంతువులు, వికలాంగులు, వృద్ధులు, చెంచు, కోలాం, తోటి, కొండరెడ్డి వంటి ఆదిమ గిరిజన తెగల కుటుంబాలు అంత్యోదయ కార్డుకు అర్హులు. ఒంటరిగా ఉండే వృద్ధురాలికి సాధారణ కార్డుపై 5 లేక 6 కిలోలు వస్తే, అంత్యోదయపై 35 కిలోలు వస్తాయి. దరఖాస్తు రాసిపెట్టేవారు ఈ తేడాను మొదటే గమనించడం మంచిది.

దరఖాస్తు, పేర్ల మార్పు

తెలంగాణలో మీ సేవ కేంద్రం ద్వారా, ఆంధ్ర ప్రదేశ్‌లో గ్రామ లేక వార్డు సచివాలయం ద్వారా దరఖాస్తు చేయాలి. 2025 నుండి ఆంధ్ర ప్రదేశ్‌లో మన మిత్ర వాట్సాప్ సేవ ద్వారా కూడా వీలున్నది. క్షేత్ర విచారణ తరువాత తహశీల్దారు ఆమోదిస్తారు. దరఖాస్తు సంఖ్య గల రశీదును పారవేయకూడదు. అది లేకుండా ఏ కార్యాలయంలోనూ తరువాతి ప్రశ్న అడగడం కుదరదు. చట్టం ప్రకారం 18 సంవత్సరాలు నిండిన స్త్రీలలో పెద్దావిడే ఇంటి యజమానురాలిగా కార్డుపై ఉండాలి.

కొత్త కార్డు కంటే పేర్ల మార్పు దగ్గరే ఎక్కువ కుటుంబాలు నష్టపోతున్నాయి. ఒక ఆధార్ సంఖ్య ఒక కార్డులోనే ఉండగలదు. అందువలన పెళ్ళైన అమ్మాయి పేరు పుట్టింటి కార్డులో తొలగించిన తరువాతనే అత్తింటి కార్డులో చేర్చుతారు. తొలగింపు జరిగి, చేర్పు ఆగిపోతే ఆమెకు రెండు చోట్లా బియ్యం లేదు. పుట్టిన పిల్లల పేర్లు కూడా తల్లి పేరు చేరేవరకు నిలిచిపోతాయి. తెలంగాణలో 2014 తరువాత కొన్ని సంవత్సరాలపాటు కొత్త కార్డుల జారీ దాదాపు ఆగిపోవడంతో, వేరుపడిన కొడుకులూ కోడళ్ళూ చాలాకాలం ఏ కార్డులోనూ లేకుండా గడిపారు. 2021లో కొంత, 2025లో విస్తృతంగా కొత్త కార్డులు ఇచ్చారు. భర్త వదిలివేసినా విడాకుల పత్రం లేని స్త్రీల స్థితి మరింత కష్టం. పేరు భర్త కార్డులోనే ఉంటుంది, బియ్యం అతడే తెచ్చుకుంటాడు. ఇటువంటి సందర్భాలలో ఆమె వేరుగా నివసిస్తున్నదని స్థానిక విచారణలో నమోదు చేయించడమే ముఖ్యమైన పని.

కార్డుల రద్దు

తెలంగాణలో 2014 - 2019 మధ్య దాదాపు 19 లక్షల కార్డులు రద్దయినవి. వివిధ శాఖల సమాచారాన్ని కలిపి కుటుంబాన్ని అంచనావేసే సమగ్ర వేదిక అనే కంప్యూటర్ వ్యవస్థ ఇందులో ప్రధాన పాత్ర వహించినది. పేర్లు సరిపోల్చడంలో జరిగిన తప్పు వలన కారు లేని కుటుంబాన్ని కారు గలదిగా చూపిన ఉదంతం కూడా బయటపడినది. నోటీసు ఇవ్వకుండా చేసిన ఈ రద్దులపై వ్యాజ్యం సుప్రీం కోర్టుకు చేరగా, రద్దయిన కార్డులన్నిటినీ క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించవలసిందిగా 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించినది. కంప్యూటర్ అనర్హుడన్నంత మాత్రాన ఆ మాట తుది తీర్పు కాదని ఈ ఉత్తర్వు వలన స్పష్టమైనది. కార్డు పోయిన కుటుంబం కారణాన్ని లిఖితపూర్వకంగా అడగవచ్చు. చెప్పనప్పుడు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయవచ్చు.

2025 జూలైలో కేంద్రం సవరించిన నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఆరు నెలలు వరుసగా సరుకు తీసుకోని కార్డును తాత్కాలికంగా నిలిపివేసి, మూడు నెలలలో విచారణ, ఈ-కేవైసీ జరిపి అర్హత తేల్చాలి. ఆస్పత్రిలోనో వలసలోనో ఉన్నవారికి ఈ సంగతి ముందే తెలియజేయటం అవసరం.

వేలిముద్రల సమస్య

2015 ప్రాంతం నుండి రేషన్ షాపులలో ఈ-పాస్ యంత్రాలు వచ్చాయి. తూకంలో మోసం, దొంగ కార్డులు తగ్గిన మాట నిజమే. కాని సున్నం, సిమెంటు పనిచేసే కూలీలకు, ముసలివారికి వేళ్ళ గీతలు అరిగిపోయి యంత్రం గుర్తించదు. ఆ కారణంతో సరుకు నిరాకరించరాదని కేంద్ర ఆహార శాఖ 2017 అక్టోబరులోనే రాష్ట్రాలకు తెలిపినది. కనుపాప గుర్తింపు, ఫోనుకు వచ్చే ఓటీపీ, కుటుంబంలోని మరొకరి వేలిముద్ర అనేవి ప్రత్యామ్నాయాలు. ఆధార్‌లో పాత ఫోను నంబరు ఉంటే ఓటీపీ రాదు గనుక దానిని ముందుగా మార్పించాలి. పిల్లలకు అయిదవ ఏట, పదిహేనవ ఏట ఆధార్ వేలిముద్రలు కొత్తగా తీయించకపోతే ఈ-కేవైసీ ఆగుతుంది.

ఆంధ్ర ప్రదేశ్‌లో 2021లో మొదలైన ఇంటింటి వాహనాల పంపిణీ 2025 జూన్ 1 నుండి నిలిచిపోయి షాపులు మళ్ళీ వచ్చినవి. 65 ఏళ్ళు దాటిన వృద్ధులకు, వికలాంగులకు మాత్రం ఇంటివద్దకే సరుకు అందించే ఏర్పాటు ఉన్నది.

వలస కుటుంబాలు

ఒకే దేశం - ఒకే రేషన్ కార్డు విధానం 2019 ఆగస్టులో తొలుత ఆంధ్ర ప్రదేశ్ - తెలంగాణ, గుజరాత్ - మహారాష్ట్ర జంటలలో మొదలై, 2022 నాటికి దేశమంతటికీ విస్తరించినది. పాలమూరు నుండి ముంబయికి, అనంతపురం నుండి బెంగుళూరుకు పోయిన కూలీలు అక్కడి షాపులోనే కార్డు సంఖ్య లేక ఆధార్ సంఖ్య చెప్పి ధాన్యం తీసుకోవచ్చు. కొంత ఊరిలో ఉన్న తల్లిదండ్రులు, మిగిలినది వలసలో ఉన్నవారు తీసుకొనే వీలు కూడా ఉన్నది. వేరే రాష్ట్రంలో కేంద్రం ఇచ్చే కోటా మాత్రమే దొరుకుతుంది. రాష్ట్రం అదనంగా ఇచ్చేది రాదు. రాష్ట్ర ప్రభుత్వం సొంత ఖర్చుతో ఇచ్చిన కార్డులు, అంటే కేంద్ర చట్టం పరిధిలోకి రానివి, సరిహద్దు దాటితే చెల్లవు. ఈ తేడా చాలామందికి పరాయి ఊరి షాపు ముందు నిలబడినప్పుడే తెలుస్తున్నది. కార్డు ఏ వర్గానిదో బయలుదేరే ముందే డీలరు వద్ద అడిగి తెలుసుకొనవచ్చు.

ఫిర్యాదు

డీలరు సరుకు తక్కువ తూచినా, స్టాకు లేదని తిప్పినా 1967 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. మండలంలో తహశీల్దారుకు, జిల్లాలో సోమవారంనాడు కలెక్టరు కార్యాలయంలో జరిగే అర్జీల కార్యక్రమంలో లిఖితపూర్వకంగా ఇవ్వవచ్చు. అర్జీ రెండు ప్రతులు రాసి, ఒకదానిపై తేదీ, ముద్ర వేయించుకోవాలి. చట్టం ప్రకారం ప్రతి జిల్లాకు ఒక ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి. అక్కడ న్యాయం జరగకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కు అప్పీలు చేసుకొనవచ్చు. అర్హుడికి ధాన్యం ఇవ్వలేకపోతే దాని బదులు ఆహార భద్రత భత్యం చెల్లించాలని చట్టంలోని 8వ సెక్షన్ చెబుతున్నది. జిల్లా అధికారి సిఫారసు చేసిన ఉపశమనాన్ని తగిన కారణం లేకుండా అందించని ఉద్యోగికి కమిషన్ 5,000 రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.