కొల్లేటి నీళ్ళు దించింది పారా, బలా?

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు కొల్లేరు. సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు వరకు నీళ్ళు నిలిచే మేరను, అంటే 308 చదరపు కిలోమీటర్లను, 1999లో వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ జాబితాకెక్కింది. కైకలూరు పక్కన ఆటపాక ఒడ్డున, అటవీశాఖ వేసిన ఇనప స్టాండ్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టుకుంటాయి.

అదే సరస్సులో కొల్లేటికోట ఉంది. పెద్దింట్లమ్మ జాతర జరిగేది అక్కడే. ఆ కోట గురించి ఒక కథ చెబుతారు. అందులో గజపతుల సైన్యం ఉండేదట. చుట్టూ నీళ్ళు కాబట్టి శత్రువుకు దారి లేదు. నీళ్ళు సముద్రంలోకి దిగిపోవాలని శత్రువులు ఉప్పుటేరు దగ్గర కాలువ తవ్వారు. గెలుపు కోసం గజపతుల సేనాని కన్న కూతుర్నే బలిచ్చాడు. ఆ కాలువకు పేరంటాళ్ళ కనుమ అన్న పేరు అలా వచ్చిందంటారు.

ఇది చరిత్రా, కల్పనా అన్న వాదన అలా ఉంచండి. కథను కథగానే చూసినా ఒక సంగతి తెలుస్తుంది. శత్రువు నేల వాలును నమ్ముకున్నాడు, సేనాని దేవతను నమ్ముకున్నాడు. నీళ్ళు ఎవరి మాట వింటాయో వేరే చెప్పాలా? ఇంకో సంగతి కూడా ఉంది. పేరంటాలు అన్నది మామూలుగా మనిషి పేరు కాదు, అలా చనిపోయిన ఆడవాళ్ళను దేవతలుగా చేసి ఇచ్చే పట్టం. పిల్లను చంపినవాణ్ణి ఎవరూ నిలదీయలేదు, చచ్చిన పిల్లకు మాత్రం మొక్కుతున్నారు.

బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏళ్ళు తెచ్చే నీటికి సముద్రంలోకి దారి ఈనాటికీ ఉప్పుటేరే. 1970ల తర్వాత సరస్సు నిండా చేపల చెరువులు లేచాయి. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో గట్లు పేల్చారు, తర్వాత చాలా చెరువులు మళ్ళీ వెలిశాయి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు చేరాల్సింది ఈ కొల్లేటికే. గట్లు, పూడిక అడ్డం పడితే ఆ నీరు ఊళ్ళ మీదా పొలాల మీదా నిలుస్తుంది. దానికి ఏ అమ్మవారి కోపమూ కారణం కాదు. అడ్డం కట్టిన మనుషులున్నారు, చూస్తూ ఊరుకున్న ప్రభుత్వాలున్నాయి. లెక్క అడగాల్సింది వాళ్ళనే.